తెల్లనివన్నీ పాలు కావు

తెల్లకొంగను ఫొటో తీయటంకంటె సులువైన పని మరొకటి లేదని చాలామంది అనుకుంటారు. నెమలికైతే నానారంగులు, కొంగకేమున్నది, ఒక్క తెలుపే కదా! పైగా అది ఒంటికాలిమీద జపం చేస్తూ ఎంతసేపైనా కదలదాయె. తీసి చూసుకుంటే తెలుస్తుంది సంగతి. ఈకలన్నీ మాయమై, కొంగ ఆకారాన కాగితానికి చిల్లుపడినట్టుంటుంది. లేదా నీరుకావి పట్టిన పంచెలాగ మాసి ఉంటుంది.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఆదివారాలు మాత్రం కెమేరా భుజాన తగిలించుకుని గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు వెళుతూంటాను. చెట్లనిండా గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు, నల్లతల ఐబిస్‌లు, కొంగలు. తెలుపు ఓనమాలు దిద్దుకోవాలంటే అక్కడే దిద్దుకోవాలి.

మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడు కిటుకు విప్పి చెప్పాడు. “మాస్టారూ! మీ కెమేరాకు కొంగా తెలియదు, కాకీ తెలియదు. ఎదురుగా ఏదున్నా నడిమి బూడిదరంగే అనుకుని లెక్క వేస్తుంది.” ఆ బూడిద, తనమీద పడ్డ వెలుగులో నూటికి సుమారు 18 పాళ్ళు తిప్పి పంపేదట. ఫొటో నిండా కొంగే ఉన్నదనుకోండి. ఇంత వెలుగేమిటని కెమేరా కంగారుపడి తగ్గించేస్తుంది. కొంగ మాసిపోతుంది. చుట్టూ చిక్కని చెట్లుండి, మధ్య చిన్న కొంగ ఉంటే, వెలుగు చాలలేదని పెంచేస్తుంది. కొంగ కాలిపోతుంది. అంచేత మొదటిదానికి ఒక మెట్టో ఒకటిన్నర మెట్టో మనం పెంచాలి. రెండోదానికి ఒక మెట్టు దాకా తగ్గించాలి. మెట్టు పెంచటమంటే వెలుగు రెట్టింపు అన్నమాట. తీసిన వెంటనే హిస్టోగ్రాము చూసుకోవాలి. అందులోని గుట్ట కుడిగోడ దగ్గరదాకా రావచ్చును గాని గోడను గుద్దుకోకూడదు. మాసినదాన్ని తరువాత కొంత ఉతుక్కోవచ్చు. కాలినదానిలో ఈక మళ్ళీ మొలవదు.

ఇక తెలుపుల్లో తేడాలు. అమరకోశంలో తెలుపుకు పదికి పైగా మాటలున్నవి. “ఇన్నెందుకండీ?” అని మా పిల్లలు అడుగుతారు. చెరువుగట్టుకు రమ్మంటాను. పొద్దుటి ఎండలో కొంగమీద పసుపుఛాయ. చెట్టునీడకు చేరితే అదే కొంగమీద ఆకాశపు నీలిఛాయ. పశువుల వెంట తిరిగే కొంగకు గుడ్లు పెట్టేకాలంలో తలా మెడా నారింజరంగు దేరుతవి. పెయింటెడ్ స్టార్కుకు తోకదగ్గర గులాబిరంగు. మన గూడబాతైతే అసలు తెల్లనిదే కాదు, బూడిద కలిసిన తెలుపు. దాన్ని పాలలాగ తీస్తే అందంగా ఉండవచ్చును గాని, అబద్ధం. ఆశ్చర్యమేమంటే, కొంగ ఈకలో తెల్లరంగు అనే పదార్థమే లేదు. ఈక లోపలి అల్లిక వెలుగునంతనూ చెదరగొట్టి పంపటమే ఆ తెలుపు. అల్లిక కనపడని ఫొటోలో ఇక తెలుపెక్కడిది?

ఈ ఈకలకోసమే ఒకప్పుడు కొంగల ప్రాణాలు పోయినవి. గుడ్లు పెట్టేకాలంలో వీపున మొలిచే సన్నని కుచ్చుఈకలు దొరసానుల టోపీలకు కావలసివచ్చినవి. తల్లిని చంపితే గూటిలో పిల్లలు ఆకలికి చచ్చేవి. ఈ ఈకల వ్యాపారాన్ని ఎదిరించి 1889లో ఇంగ్లండులో స్త్రీలు ఒక సంఘం పెట్టారు. 1902లో మన దేశంనుంచి పక్షుల ఈకల ఎగుమతిని నాటి ప్రభుత్వం నిషేధించింది.

ఇప్పుడు ఆ టోపీలు లేవు, కెమేరాలున్నవి. ఒకనాడు గట్టున ఒక కుర్రవాడు ఇంత పొడుగు లెన్సు బిగించి, “కాస్త చప్పట్లు కొట్టండి మాస్టారూ! అన్నీ ఒక్కసారిగా లేస్తాయి, బ్రహ్మాండమైన ఫొటో వస్తుంది” అన్నాడు. కుదరదని నేను చెప్పబోతూంటే, గేదెను మేపుకుంటూన్న ముసలమ్మ అందుకున్నది.

“గూళ్ళో పిల్లలున్నయ్యి నాయనా! తల్లి లేస్తే ఎండకి మాడిపోతయ్యి. కాకులు తన్నుకుపోతయ్యి. మీ ఇంటో చంటిబిడ్డ నిద్దరోతంటే ఇట్టాగే చప్పట్లు కొడతావా?”

కుర్రవాడు మారుమాటాడలేదు. నాపక్కనే కూలబడ్డాడు. గంట గడిచింది. ఎండ ఎక్కినకొద్దీ ఒక స్టార్కు గూటిలో లేచి నిలబడి, రెక్కలు రెండూ చాపి పిల్లలకు నీడ పట్టింది. ఆ రెక్కలగుండా వెలుగు దిగుతూంటే ఒక్కొక్క ఈకా లెక్కపెట్టవచ్చును. కుర్రవాడు ఒక మెట్టు తగ్గించుకుని నొక్కాడు.

మరుసటి ఆదివారం ఆ ఫొటో అచ్చువేయించి తెచ్చి ముసలమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది. గులాబిరంగుమీద వేలు పెట్టింది.

“అవునయ్యా, ఇది మా కొంగే” అన్నది.