ఇంగ్లీషు ‘కమ్’, తెలుగు ‘వచ్చు’

పుదుచ్చేరి పట్టణమున నెల్లితోపు వంటి పేటలలో, తమిళము నడుమ, తెలుగింటికి వచ్చిన చుట్టము సెలవు గైకొనుచు “వస్తానండీ” అనును. పొరుగింటి తమిళుడును “వర్రేన్” అనియే గడప దాటును. ఆ యింటి బడిపిల్లవాడు దీనినే ఇంగ్లీషు చేసి “ఐ యామ్ కమింగ్” అనినచో పంతులుగారు దిద్దక మానరు. తప్పు ఎక్కడ నున్నది? ‘కమ్’ అనగా వచ్చుట అని నిఘంటువు చెప్పినది. బాలుడు దానినే నమ్మినాడు.

1971లో శాంతాక్రూజ్‌లో చేసిన ఉపన్యాసములలో చార్లెస్ ఫిల్మోర్ ఈ క్రియను నిశితముగా పరిశీలించెను. ‘కమ్’ వక్త యున్న చోటికే గాక శ్రోత యున్న చోటికి జరుగు గమనమును గూడ తెలుపును. పిలిచినపుడు ఇంగ్లీషువాడు “కమింగ్” అనును. తెలుగువాడు “వస్తున్నా” అనును. ఇంగ్లీషునకు దూరపు చుట్టమైన స్పానిషులో మాత్రము ఆ చోట ‘పోవుచున్నాను’ అను అర్థముగల ‘వోయ్’ అనవలెను. ఏ బంధుత్వమును లేని తెలుగునకు ఈ విషయమున ఇంగ్లీషుతో పొత్తు కుదురుట వింతయే.

కావున సెలవు గైకొనునప్పటి చిక్కు క్రియార్థమున లేదు. “వెళ్ళి వస్తాను” అను వాక్యమున ‘వెళ్ళి’ లోపించి ‘వస్తాను’ మిగిలినది. తిరిగి చేరవలసినది శ్రోత యున్న యింటికే. ఫిల్మోర్ సూత్రమునకును ఇది విరుద్ధము కాదు. ఇంగ్లీషున లేనిది ఆ లోపము, ఆ మర్యాద. ‘పోవు’ మరణమును గూడ తెలుపును గనుక గడప కడ ఆ మాట పలుకుటకు తెలుగువాడు జంకును. ఇది ద్రావిడముల సొత్తనుకొనుటయు పొరపాటే; వంగదేశీయులును వెళ్ళునపుడు ‘వచ్చెదను’ అను అర్థమున ‘ఆశి’ అందురు.

అసలు భేదము వేరొక చోట నున్నది. “నాకు తెలుగు వచ్చు”, “నీవు వెళ్ళవచ్చు” అను వాక్యములలో ఎవరును ఎక్కడికిని కదలరు. మొదటి దానిలో కర్త తెలుగే. ఎరిగినవాడు చతుర్థిలో నిలిచి దాని రాకను పొందును. ‘కమ్’కు ఈ పని లేదు. విశేషమేమనగా నేటి వాడుక ఈ అర్థములను రూపముచే వేరు చేసినది. బండి ‘వస్తుంది’, తెలుగు ‘వచ్చు’. గమనార్థమున నేడెవ్వరును “బండి వచ్చు” అనరు. ప్రాచీన తద్ధర్మరూపము జ్ఞాన, శక్యార్థములను ఆశ్రయించి బ్రతికినది. వ్యతిరేకమున ‘రాదు’, ‘వెళ్ళరాదు’ అగును. ‘వచ్చు’, ‘రా’ భిన్నధాతువులుగా కనబడినను వర్ణవ్యత్యయము వలన రూపుమారిన ఒకే ధాతువు. తమిళమున ‘వా’, ‘వరు’ అనునదియు అదియే. ఇంగ్లీషున ‘గో’, ‘వెంట్’ మాత్రము నిజముగనే రెండు వేరు క్రియలు.

‘కమ్’ ఎదుట ‘వచ్చు’ అని వ్రాసి ఊరకుండు ద్విభాషా నిఘంటువులు తెలుగునాటి పాఠకునకు అంతగా హాని చేయవు. అతనికి తక్కినది ఇంట దొరకును. వెలుపల పెరుగు బిడ్డకు ఆ యాధారము పలుచన. తమిళపు ‘తెరియుమ్’, ఇంగ్లీషు ‘నో’ రెండును ఒకే వైపు లాగుచుండగా వాడు “నాకు తెలుగు తెలుసు” అనును. అర్థము చెడదు గనుక ఎవ్వరును దిద్దరు. ‘వచ్చు’ను గమన, జ్ఞాన, శక్యార్థములకు మూడు ఆరోపములుగా విడదీసి, ప్రతిదానికి దాని వ్యతిరేకరూపమును, ఒక యింటి వాక్యమును చేర్చుట నిఘంటుకారులకు పెద్ద శ్రమ కాదు. ‘వస్తాను’ క్రింద మాత్రము లోపించిన ‘వెళ్ళి’ని తప్పక చూపవలెను.