అనంతపురానికి 156 బస్సులు: నగర పౌరులకు విజ్ఞప్తి

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ రూపొందించిన సేవా ప్రమాణాల ప్రకారం, అంటే నగరంలో ఒక సౌకర్యం ఏ స్థాయిలో ఉందో తేల్చే కొలతల ప్రకారం, ప్రజా రవాణా ఉత్తమంగా ఉందనడానికి వెయ్యి మందికి 0.6 చొప్పున, లక్షకు 60 బస్సులుండాలి. 2011 జనగణన నాటికే సుమారు 2.6 లక్షల జనాభా ఉన్న అనంతపురానికి ఆ లెక్కన 156 బస్సులు కావాలి. క్లాక్ టవర్ దగ్గర ఒక గంట నిలబడి, దూరపు ఊళ్లకు పోయే సర్వీసులను విడిచిపెట్టి, నగరంలో తిరిగే బస్సులను మాత్రమే లెక్కపెట్టినవారికి ఈ 156 ఎంత దూరాన ఉందో వేరే చెప్పనక్కరలేదు.

1946లో మద్రాసులో మొదలై ఇక్కడికి తరలివచ్చిన ఇంజనీరింగ్ కళాశాలను, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాన్ని (ఎస్కేయూ), 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని పొందిన ఈ నగరం చదువులను ఊరి బయటికి పంపింది గాని వాటి వెంట బస్సును పంపాలన్న ధ్యాస పెట్టలేదు. ఎస్కేయూ నగరానికి దాదాపు పది కిలోమీటర్ల దూరంలో ఉంది. కేంద్రీయ విశ్వవిద్యాలయానికి కేటాయించిన స్థలం బుక్కరాయసముద్రం మండలంలోని జంతలూరులో ఉంది. వానలు లేక సేద్యం గిట్టని కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలకు రోజూ షేర్ ఆటో ఖర్చు చిన్నది కాదు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం వల్ల విద్యార్థినులకు టికెట్ ఉచితమైనా, ల్యాబ్ ముగిసే వేళకు బస్సే లేకపోతే ఆ ఉచితం కాగితం మీదే మిగులుతుంది.

బస్సులు ఎందుకు తగ్గుతాయో తెలియాలంటే ఆర్టీసీ వాడుకలోని ఓఆర్ అనే మాట తెలియాలి. బస్సులోని సీట్లలో నూటికి ఎన్ని నిండాయో చెప్పే లెక్క అది. ట్రిప్పులు పలచబడితే జనం ఆటో ఎక్కుతారు, జనం ఆటో ఎక్కితే ఓఆర్ పడిపోతుంది, ఓఆర్ పడిపోయిందని మరో ట్రిప్పు రద్దవుతుంది. చాలినన్ని సర్వీసులు కల్పించే బాధ్యతను 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ఆర్టీసీపై పెట్టిన మాట నిజమే. అయితే బస్సులు కావాలన్న వినతిపత్రం మీద సంతకం చేసి, ఆ వెంటనే సొంత బండి మీద ఇంటికి పోయే విద్యావంతులకు, ఈ విజ్ఞప్తి రాసినవారితో సహా, ఆ చట్టాన్ని ఎత్తిచూపే అర్హత ఎంత? ఏళ్ల తరబడి బస్సు ఎక్కనివారు బస్సు రాలేదని నిట్టూర్చడం కపటమే అవుతుంది.

కనుక ప్రతి విద్యాసంస్థా తన తరగతుల, ల్యాబుల, గ్రంథాలయాల వేళలను ఈ నెలలోనే డిపోకు లిఖితపూర్వకంగా అందజేయాలి. అధ్యాపకులూ ఉద్యోగులూ వారానికి రెండు రోజులైనా బస్సులో ప్రయాణించాలి. కాలనీ సంఘాలు ఏ స్టేజీలో ఏ వేళ ఎందరు వేచి ఉంటున్నారో వారం పాటు లెక్కరాసి సమర్పించాలి. 156 బస్సులు ఒక్కనాడు రావు. కానీ గ్రంథాలయం మూసే వేళకు బయలుదేరే ఒక్క ఆఖరి బస్సును కూడా అడిగి సాధించుకోలేని ఊరు తనను చదువుల ఊరని చెప్పుకోవడం మానుకోవాలి.