నెమ్మదిగా నడిచేవారే యాత్రకు పెద్దలు

కుటుంబమంతా కలిసి ఒకరోజు విహారానికి వెళ్ళాలనుకున్నప్పుడు మన ఇళ్ళలో మొదట పుట్టే ప్రశ్న "ఏమేమి చూడవచ్చు?" అన్నది. రెండవది "ఎంత ఖర్చవుతుంది?" అన్నది. ఆ వెనుకనైనా రావలసిన ప్రశ్న ఒకటి చాలా ఇళ్ళలో అసలు రానే రాదు. మనలో అందరికన్నా నెమ్మదిగా నడిచేది ఎవరు? వైద్యుడిగా నా అభిప్రాయం ఒక్కటే: మొదట అడగవలసింది ఈ ప్రశ్ననే. దానికి వచ్చే సమాధానాన్ని బట్టే ఊరు, రోజు, వేళ, వాహనం, భోజనం అన్నీ నిర్ణయం కావాలి.

నెల్లూరు తీరప్రాంతపు కుటుంబాలకు జంతువులనూ చెట్లనూ ఒకేచోట చూపగలిగిన పెద్ద స్థలం తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాల. 1987 సెప్టెంబరు 29న ఏర్పడిన ఈ ఉద్యానం 5,532 ఎకరాల విస్తీర్ణంలో శేషాచలం కొండల పాదాన ఉన్నది. ఈ కొండలు 2010 నుంచి జీవావరణ పరిరక్షణ ప్రాంతం కూడా. సహజంగా దక్షిణపు తూర్పు కనుమలలో తప్ప మరెక్కడా పెరగని ఎర్రచందనం ఇక్కడి చెట్టు. అందువల్ల పిల్లలకు ఇది పులిని చూపే చోటు మాత్రమే కాదు. పులి బ్రతకడానికి కావలసిన అడవి ఎలా ఉంటుందో చూపే చోటు కూడా.

అయితే నెల్లూరు నుంచి తిరుపతికి గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా సుమారు 130 కిలోమీటర్లు. మైపాడు, రామతీర్థం, తుమ్మలపెంట వంటి తీరగ్రామాల నుంచి బయలుదేరేవారికి జాతీయ రహదారి ఎక్కడానికే అదనపు సమయం పడుతుంది. రానుపోను కనీసం ఆరు గంటలు బండిలోనే గడుస్తాయి. పగటిపూట మిగిలేది మరొక ఆరు గంటలు. ఆ ఆరు గంటలలో శ్రీకాళహస్తిలో దర్శనం, జంతుప్రదర్శనశాల, వీలైతే తిరుచానూరు, తిరిగి వచ్చేటప్పుడు ఎవరో బంధువుల ఇల్లు, ఇదీ మనవారు సాధారణంగా వేసుకునే పథకం. కాగితం మీద ఇది చక్కగానే అమరుతుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మకూ, మధ్యాహ్నం నిద్ర అలవాటైన మూడేళ్ళ బిడ్డకూ మాత్రం ఇది అమరదు.

ఈ ఇబ్బందికి మనం కనిపెట్టిన పరిష్కారం మరీ విచారకరం. "నీవు నడవలేవు కదా అమ్మా, ఇంటి దగ్గర ఉండు" అని పెద్దవారిని కాపలా పెట్టి వెళతాము. లేదా వెంట తీసుకుపోయి, ప్రవేశద్వారం దగ్గర చెట్టు క్రింద సంచుల ప్రక్కన కూర్చోబెడతాము. వృద్ధుల ఆరోగ్యాన్ని ఒంటరితనం క్రుంగదీస్తుందని వైద్యశాస్త్రం ఈనాడు స్పష్టంగా చెబుతున్నది. నడక తగ్గితే కండరాల బలం తగ్గుతుంది, బలం తగ్గితే నడక మరింత తగ్గుతుంది. మనవడి చేయి పట్టుకొని నీడలో ఒక కిలోమీటరు నడవడం ఆ పెద్దావిడకు ఔషధంతో సమానం. ఆ అవకాశాన్ని మన తొందర కోసం తీసివేయడం న్యాయం కాదు.

ఎండకాలపు చిక్కు

మన తీరంలో మరొక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. తూర్పు తీరంలో యేటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో చేపల వేటపై నిషేధం ఉంటుంది. వేటకు వెళ్ళే కుటుంబాలకు తీరిక దొరికేది అప్పుడే. బడులకు సెలవులు కూడా అప్పుడే. ఎండలు అత్యంత తీవ్రంగా ఉండేదీ అప్పుడే. తీరంలో ఉష్ణోగ్రతకు తేమ తోడవుతుంది. చెమట ఆరినప్పుడే శరీరం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారిపోతుందే తప్ప ఆరదు. ఒంట్లో నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే నిలిచిపోతుంది.

కాబట్టి తీరిక ఎప్పుడైనా దొరికేవారికి నేను చెప్పేది సంక్రాంతి రద్దీ తగ్గిన తరువాత, జనవరి ద్వితీయార్ధం నుంచి ఫిబ్రవరి చివరి వరకు వెళ్ళమని. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన జిల్లాకు ఈశాన్య ఋతుపవనాల వర్షాలు, వాయుగుండాలు తప్పవు. వేసవిలో తప్ప వీలు లేనివారు ముందురోజు సాయంత్రమే తిరుపతి చేరి, ఉదయం ద్వారం తెరిచే వేళకు లోపల అడుగుపెట్టి, పదకొండు గంటలకల్లా బయటికి రావాలి. పదకొండు నుంచి మూడున్నర వరకు ఎండలో నడక పనికిరాదు. ఆ వేళ జంతువులు కూడా నీడ వెతుక్కొని పడుకుంటాయి. చూడడానికి పోయినవారికి కనిపించేది ఖాళీ ఆవరణే.

ఇక్కడ పాలకులతో ఒక మాట. జంతుప్రదర్శనశాలలు సాధారణంగా ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో తెరుచుకుంటాయి. మన వేసవిలో తొమ్మిదికే ఎండ ముదురుతుంది. ఏప్రిల్, మే నెలలలో ఆరు గంటలకే ద్వారాలు తెరవడం, ప్రతి రెండు మూడు వందల అడుగులకు నీడలో ఒక బల్ల వేయడం, త్రాగునీరూ శుభ్రమైన మరుగుదొడ్డీ నడిచేవారికి అందుబాటులో ఉంచడం విలాసాలు కావు. అవి ప్రజారోగ్య చర్యలు. ఒక కొత్త జంతువును తెప్పించడానికి పెట్టే శ్రద్ధలో కొంత వీటిపై పెడితే వృద్ధులూ గర్భిణులూ కూడా ధైర్యంగా లోపలికి వస్తారు.

దాహాన్ని అణచుకునే స్త్రీలు

మన స్త్రీలు ప్రయాణాలలో కావాలనే నీళ్ళు త్రాగరు. దారిలో మరుగుదొడ్డి ఎక్కడుంటుందో, ఎలా ఉంటుందో అన్న భయంతో ఉదయం నుంచి సాయంత్రం వరకు గొంతు తడుపుకోవడంతో సరిపెడతారు. దాని ఫలితంగా తలనొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, రెండు రోజుల తరువాత మూత్రంలో మంట వస్తాయి. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడే పెద్దవారికి ఈ ప్రమాదం రెట్టింపు. ఆ మాత్రను సొంతంగా మానివేయకూడదు. ఆ రోజు ఏ వేళకు వేసుకోవాలో తమ వైద్యుని ముందుగా అడగాలి. బండి నడిపే మగవారు చేయవలసిన పని ఒకటుంది. ఎవరూ అడగకముందే, గంటన్నరకొకసారి శుభ్రమైన చోటు చూసి బండి ఆపడం. అడగవలసి వస్తే చాలామంది అడగరు.

నీటితోపాటు ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు సంచిలో ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన పెద్ద పొట్లాన్ని ఒక లీటరు నీటిలో పూర్తిగా కలపాలి. సగం పొట్లం, గ్లాసు నీరు అనే అంచనాలు పనికిరావు. దుకాణాలలో అట్టపెట్టెలలో అమ్మే తియ్యని పానీయాలు ఓఆర్ఎస్ కావు. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఫలితంగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి లోబడని పానీయాలపై ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. పొట్లం దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకుంటే చాలు. అన్నీ టీ చెంచాతో, అంచుకు సమంగా కొలవాలి.

చక్కెర వ్యాధి ఉన్నవారి భోజన వేళ

యాత్రలో భోజనం ఆలస్యం కావడం పిల్లలకు చికాకు తెప్పిస్తుంది. చక్కెర వ్యాధికి గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకునేవారికి అది ప్రమాదం. ఉదయం మందు పడింది, ఎక్కువ దూరం నడిచారు, రెండు గంటలైనా అన్నం లేదు. అప్పుడు చెమటలు, వణుకు, చూపు మసకబారడం, పొంతన లేని మాటలు మొదలవుతాయి. ప్రక్కవారు ఎండదెబ్బ అనుకొని నీళ్ళు చల్లుతారు. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాల తరువాత తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు. 108కు ఫోను చేయాలి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన బండిలో వదలకూడదు. మూసిన బండిలో వేడి పది నిమిషాలలోనే సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. నిద్రపోతున్న పసిబిడ్డను "ఇప్పుడే వస్తాం కదా" అని ఒక్క నిమిషమైనా లోపల వదలరాదన్నది కూడా ఇందుకే.

ఇంటి నుంచి తీసుకుపోయే ఆహారంలో పులిహోరను మించినది లేదు. చింతపండు పులుపు వల్ల అది చెడకుండా మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. కొబ్బరి పచ్చడి, ముందురోజు వండిన మాంసం, చేపల పులుసు ఇంటి దగ్గరే బాగుంటాయి. తినడానికి ముందు సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి. జంతువుల ఆవరణల కంచెలు పట్టుకున్న చేతులవి.

ఎండలో ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ కావచ్చు. ఆసుపత్రికి పరుగెత్తకముందే నీడలోకి చేర్చి, ఒంటి నిండా నీళ్ళు పోసి, విసరాలి. చల్లబరచడమే మొదటి చికిత్స. 108 వచ్చేదాకా ఆ పని ఆపకూడదు.

కంచె ఇవతల ఉండడం

2024 ఫిబ్రవరిలో తిరుపతి జంతుప్రదర్శనశాలలో ఒక సందర్శకుడు సింహం ఆవరణలోకి దూకి ప్రాణాలు కోల్పోయాడు. అటువంటి ఘటనలు అరుదు. కాని చిన్న ఉల్లంఘనలు ప్రతిరోజూ జరుగుతాయి: పిల్లవాడిని కంచెపై కూర్చోబెట్టి ఫొటో తీయడం, కోతికి అరటిపండు చేతితో అందించడం, పడుకున్న జంతువు లేవాలని రాయి విసరడం. కోతి కరిచినా గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే రేబీస్ టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం అద్దరాదు. అంతకన్నా ముఖ్యమైనది, బోనులో ఉన్న ప్రాణిని విసిగించే తండ్రిని చూసి బిడ్డ ఏమి నేర్చుకుంటాడన్నది.

అన్నీ చూడకపోతే ఎలా?

"రెండేళ్ళకొకసారి బయటికి వెళతాము, డబ్బు పెట్టి అంత దూరం పోయి సగం చూసి రావడమా?" అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. రోజు కూలి పోగొట్టుకొని, బండి బాడుగ చెల్లించి వెళ్ళే కుటుంబానికి ప్రతి గంటా విలువైనదే. నా సమాధానం ఇది: తక్కువ చూడమని కాదు, ఒక్కటే ఎంచుకోమని. తిరుపతి అనుకుంటే ఆ రోజు జంతుప్రదర్శనశాల ఒక్కటే. బయలుదేరే ముందు వారపు సెలవు ఏ రోజో, బ్యాటరీ బండ్లు నడుస్తున్నాయో లేదో ఫోనులో అడిగి తెలుసుకోవాలి. పెద్దవారిని ఆ బండిలో త్రిప్పి, పిల్లలు నడిచి రావచ్చు.

అంత ప్రయాణం వద్దనుకుంటే, నాయుడుపేట, సూళ్ళూరుపేటల నడుమ నేలపట్టు ఉన్నది. 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాకు చేరినా, నెల్లూరువారికి అది ఇప్పటికీ మన నేలపట్టే. చలికాలంలో చెరువులోని కడప చెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టుకొని పిల్లలను సాకుతాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు వాటికి తోడు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పైరుకు బలమని ఇక్కడి రైతుల నమ్మకం. అందుకే తరతరాలుగా ఆ పక్షులను వారే కాపాడుతూ వచ్చారు. బోనులు లేని ఈ చోట తాతా మనవడూ ఒకే బల్లపై కూర్చొని, ఒకే దుర్భిణిని మార్చుకుంటూ చూడవచ్చు. మరికొంత దూరం పోతే పులికాట్ సరస్సులో రాజహంసలు. ఉదయం బయలుదేరితే సూర్యుడు అస్తమించేలోగా ఇల్లు చేరవచ్చు.

ఇల్లు చేరడం గురించి కూడా ఆలోచించాలి. తెల్లవారుజామున మూడింటికి లేచి బండి నడిపి, పగలంతా నడిచి, రాత్రి అదే మనిషి మళ్ళీ స్టీరింగు పట్టుకోవడం యాత్ర మొత్తంలోనూ అతి పెద్ద ప్రమాదం. పులికన్నా నిద్రమత్తు ఎక్కువ ప్రాణాలు తీస్తుంది. నడపడానికి రెండవ మనిషి లేకపోతే చీకటి పడకముందే ఇల్లు చేరేలా రోజును కుదించుకోండి, లేదా రైలు, బస్సు ఎక్కండి.

రాబోయే ఆదివారం పథకం వేసేటప్పుడు, కాగితం మీద మొదట ఊరి పేరు వ్రాయకండి. మీ ఇంట్లో అతి నెమ్మదిగా నడిచేవారి పేరు వ్రాయండి. వారెంత దూరం నడవగలరో, ఏ వేళకు మందు వేసుకుంటారో, ఎంతసేపటికి కూర్చోవాలో వారినే అడిగి ప్రక్కన వ్రాయండి. ఆ తరువాత ఊరిని ఎంచుకోండి.