గాజుగ్లాసు నీడ నల్లగా ఉంటుందా?

ఈ వారం మీకో చిన్న పరీక్ష. గాజుగ్లాసు నిండా నీళ్లు పోసి, ఎండ పడే కిటికీలో పెట్టి దాని నీడ చూడండి. నల్లగా ఉందా? అబ్బే! చుట్టూ మసక, మధ్యలో తళుక్కుమంటూ ఓ వెలుగు మరక. నీడలో వెలుగేమిటంటారా? గాజూ నీళ్లూ కాంతిని ఆపవు, వంచుతాయి. చుట్టుపక్కల పడాల్సిన ఎండ ఒకచోట పోగవుతుంది. ఎండ తగ్గిన చోటే మసక.

కంప్యూటర్ బొమ్మలవాళ్లని మూడు చెరువుల నీళ్లు తాగించింది ఈ మరకేనండీ!

1980లో బెల్ ల్యాబ్స్‌లోని టర్నర్ విట్టెడ్ ప్రకటించిన పద్ధతి తలకిందుల వ్యవహారం. దీపం నుంచి కాకుండా మన కంటి నుంచి బయల్దేరి, కిరణం గాజుకి తగిలి ఎటు వంగిందో, ఎటు తుళ్లిందో లెక్కగడుతూ వెళ్లడం. ఆయన గాజుగోళం అచ్చం గాజే! కాకపోతే ఆ ఒక్క బొమ్మకే గంట పైచిలుకు పట్టింది. సినిమాకి సెకనుకు 24 బొమ్మలు కదా, ఒక్క సెకనుకే రోజు దాటిపోతుందన్నమాట.

నీడ మాత్రం మొండికేసింది. బల్ల మీది చుక్క దీపంకేసి సూటిగా చూస్తుంది. మధ్యలో గాజు. వంగి వచ్చే కాంతి ఆ సూటిచూపుకి అందదు. దాంతో గ్లాసు గాజుదే, నీడ రేకుడబ్బాది! కారణం మనకి తెలీకపోయినా, కన్ను 'ఎక్కడో తేడా ఉంది' అని గొణుగుతూనే ఉంటుంది.

1985 నాటి 'యంగ్ షెర్లాక్ హోమ్స్'లో చర్చి కిటికీలోంచి కత్తితో దూకే గాజువీరుణ్ణి చేసింది లూకాస్‌ఫిల్మ్ కంప్యూటర్ విభాగం. మరుసటేడు అదే పిక్సార్ అయింది. నా మటుకు నాకు వాళ్ల తెలివంతా రంగుగాజుని ఎంచుకోవడంలోనే కనిపిస్తుంది. వెనకనున్నది స్పష్టంగా కనబడనక్కర్లేదుగా! తేటగాజు వీరుడైతే దొరికిపోయేవాడు.

మరకకి మంచి మందు 1990ల నడుమ దొరికింది. డెన్మార్కు వాడైన హెన్రిక్ వాన్ జెన్సెన్, ముందు దీపం దగ్గర్నించే లక్షల కాంతిరేణువులు వెదజల్లమన్నాడు. గాజులో వంగి ఎక్కడెక్కడ పడ్డాయో గుర్తుపెట్టుకుని, ఆ తర్వాతే కంటి వైపు నుంచి చూడాలి. రేణువులు పోగైన చోటే మరక! ఆయన వేసిన కాన్యాక్ గ్లాసు బొమ్మలో బల్ల మీద ఆ వెలుగు చూస్తే ముట్టుకోబుద్ధేస్తుంది. ఇంతా చేసి, ఇప్పటికీ టైము లేకపోతే గాజు నీడని కాస్త పల్చన చేసి సరిపెట్టేసేవాళ్లున్నారు. మనం చూడమనే కాబోలు!

పిక్సార్ వాళ్ల 'ఎ బగ్స్ లైఫ్' (1998)లో గింజలు నింపిన పెద్ద గాజుసీసా ఒకటుంది. వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్‌కి అప్పటికింకా కిరణాల వెంట పడడం చేతకాదు. అందుకని ఆ కొద్ది బొమ్మల కోసమే ఇంకో సాఫ్ట్‌వేర్‌ని దానికి జతచేశారు. ఈసారి ఆ సినిమా వేస్తే, హీరో చీమని కాసేపు వదిలేసి సీసాకేసి చూడండి.