లెక్క తెలిసిన యంత్రం, అడగడం తెలిసిన మనిషి

అస్ర్ నమాజు అనంతరం మస్జిదు అరుగుపై కూర్చుని ఉండగా మా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చి సలాము చేశాడు. బాల్యంలో మా వద్ద ఖుర్‌ఆన్ పఠనం నేర్చుకున్నవాడు. నేడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇద్దరు చెల్లెళ్ల చదువు అతని జీతంతోనే సాగుతోంది. అతని బృందంలో పలువురిని సంస్థ ఇటీవల తొలగించిందట.

“హజ్రత్, ఇప్పుడు కోడు యంత్రమే రాసేస్తోంది. ఇంకేం నేర్చుకుంటే ఉద్యోగం నిలుస్తుందో తోచడం లేదు” అన్నాడు.

కంప్యూటరు భాషల్లో మా జ్ఞానం శూన్యం. అయితే అతను ఫోనులో చూపినది మాకు తెలిసిన విద్యే. కృత్రిమ మేధ సాయంతో వారసత్వ వాటాలు లెక్కించే ప్రోగ్రాము తయారుచేశాడు. మేమొక సమస్య ఇచ్చాము. సంతానం లేని స్త్రీ మరణించింది. తల్లిదండ్రులు, సోదరులు లేరు. భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెళ్లు మిగిలారు. అప్పులు, వసీయత్ పోగా ఆస్తి 7 లక్షలు.

భర్తకు సగం, అంటే మూడున్నర లక్షలు. అక్కచెల్లెళ్లకు మూడింట రెండు వంతులు, అంటే సుమారు 4 లక్షల 67 వేలు అని తేల్చింది ప్రోగ్రాము. విడివిడిగా చూస్తే రెండు వాటాలూ సూరా నిసాలో ఉన్నవే. కలిపితే మాత్రం 8 లక్షలు దాటాయి! ఈ చిక్కు హజ్రత్ ఉమర్ (రజి) కాలంలోనే ఎదురైంది. వారు సహాబాలను సంప్రదించి వాటాలన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించారు. ఔల్ అంటే ఇదే. ఆ ప్రకారం భర్తకు 3 లక్షలు, అక్కచెల్లెళ్లకు చెరి 2 లక్షలు.

ఔల్ అన్న మాట టైపు చేయగానే యంత్రం క్షణంలో సరిదిద్దుకుంది. అబ్బాయి ముఖం మరింత చిన్నబోయింది. “చూశారా, దానికి తెలుసు!”

“తెలుసు బేటా. కానీ మొత్తం ఎంతయిందని అది కూడి చూసుకోలేదు. నువ్వూ చూడలేదు.”

సులువైన నాలుగు లెక్కలతో పరీక్షించి ఊరుకున్నాడట. తప్పు ఎక్కడ దాగి ఉంటుందో ఊహించగలగడమే అతను నేర్వవలసిన మొదటి విద్య అని మేము చెప్పాము.

రెండవది ఇంకా కష్టం. వాటాలు అడగడానికి మా వద్దకు వచ్చేవారు “వారసులు ఇద్దరు కొడుకులు” అంటారు. కూతుళ్లు లేరా అని అడిగితేనే “వాళ్లకు పెళ్లిళ్లు చేసి పంపేశాం కదా” అని నీళ్లు నములుతారు. యంత్రం చెప్పిన పేర్లనే పంచుతుంది. చెప్పని కూతురిని వెలికితీసేది అడగడం తెలిసిన మనిషే. తమకు ఏం కావాలో ఖాతాదారులు కూడా సగమే చెబుతారని అతనే ఒప్పుకున్నాడు.

నేడు అల్గారిథమ్ అంటున్న మాట 9వ శతాబ్దపు అల్ ఖ్వారిజ్మీ పేరు నుండే పుట్టింది. బీజగణితంపై ఆయన రాసిన గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలకు, వారసత్వ లెక్కలకే కేటాయించారు. ఈ సంగతి విని అతను ఆశ్చర్యపోయాడు. మన పిల్లలకు ఇది చెప్పనిది మేమే కదా!

ఇప్పుడతను ఆదివారాలు ఫరాయిజ్ పాఠానికి వస్తున్నాడు. పంపకం జరగకముందే వారసుల్లో ఒకరు చనిపోతే ఏం చేయాలని మొన్న అడిగాడు. ఆ లెక్క తేలకముందే మగ్రిబ్ అజాన్ వినిపించింది.