బిడ్డ వస్తోందని కుక్కని పంపేయాలా?

మా ఆవిడకి ఏడో నెల. ఇంట్లో ఐదేళ్ళు దాటిన కుక్క ఉంది. ఈ రెండు ముక్కలూ కలిపి ఎవరికి చెప్పినా వచ్చే ప్రశ్న ఒకటే, "మరి కుక్కనేం చేస్తారు?" అని. టీమ్‌లో అడిగారు, లిఫ్ట్‌లో అడిగారు, స్కానింగు దగ్గర పక్క కుర్చీలో కూర్చున్న పెద్దావిడ కూడా అడిగింది. ఏం చేస్తాం, అన్నం పెడతాం :)

నవ్వులాటకేం గానీ, ప్రశ్న చిన్నదేం కాదు. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లోంచి పని చేస్తూ కుక్కపిల్లల్ని తెచ్చుకున్న నాలాంటి వాళ్ళకి ఇప్పుడు పెళ్ళిళ్ళయ్యాయి, ఆఫీసుకి రమ్మంటున్నారు, పిల్లలు పుడుతున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. చాలా ఇళ్ళలో ఉంచుకోవచ్చు. కాకపోతే అది కుక్క మీద ప్రేమని బట్టి తేలే విషయం కాదు, ఇంట్లో ఎవరు ఎంత చాకిరీ చేస్తారన్న దాన్ని బట్టి తేలేది.

ముందు భయాల సంగతి. "కుక్క వెంట్రుకలు కడుపులోకి పోతే బిడ్డకి మంచిది కాదు" అని కనీసం పది మంది చెప్పారు. మింగిన వెంట్రుక పొట్టలోకి పోతుంది గానీ గర్భసంచిలోకి ఎలా పోతుందండీ? గర్భిణులు నిజంగా జాగ్రత్త పడాల్సిన టాక్సోప్లాస్మా అనే క్రిమి ముఖ్యంగా పిల్లుల మలం నుంచీ, సరిగ్గా ఉడకని మాంసం నుంచీ వస్తుంది. అది తెచ్చి కుక్క ఖాతాలో రాయడం అన్యాయం. అలాగని కుక్కేమీ సుద్దపూస కాదు. దాని మలంలో ఏలికపాముల గుడ్లుండొచ్చు, నేల మీద పాకే పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. కాబట్టి మూడు నెలలకోసారి పురుగుల మందు, పిడుదులకి మందు, ఏటా రేబిస్ టీకా. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. టీకా తేదీ దాటిపోయినా "వచ్చే వారం చూద్దాంలే" అనుకునే ఇంట్లో కుక్క ఉండకూడదు, బిడ్డ ఉన్నా లేకపోయినా.

కుక్కల పార్టీ వాళ్ళు ఇంకోవైపు లాగుతారు. ఫిన్లాండులో 397 మంది పిల్లల్ని పుట్టిన దగ్గర్నుంచి ఏడాది పాటు గమనించి, కుక్క ఉన్న ఇళ్ళలో పిల్లలకి దగ్గు జలుబులూ చెవి ఇన్ఫెక్షన్లూ తక్కువని 2012లో ప్రచురించారు. నిజమే. కానీ ఫిన్లాండు ఇల్లు వేరు, నిజాంపేటలో మూడో అంతస్తు డబుల్ బెడ్రూం ఫ్లాటు వేరు. పైగా అది కుక్క వల్లే అని రుజువైపోలేదు. ఆ పేపరు పట్టుకుని అత్తగారితో వాదనకి దిగకండి, ఓడిపోతారు.

ఇక "ఎవరికైనా ఇచ్చేయండి" అనే సలహా. ఐదేళ్ళ ఊరకుక్కని తీసుకునేదెవరు? "ఫామ్‌హౌస్‌లో ఇచ్చాం, హాయిగా ఉంది" అన్నవాళ్ళని మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళి చూశారా అని అడిగితే మాట మార్చేస్తారు. సరైన కారణం లేకుండా, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారి జరిమానా ఎంతనుకున్నారు? గరిష్ఠంగా 50 రూపాయలు. ఇద్దరికి ఇరానీ చాయ్ ఖర్చు. ఇదివరకే ఎవర్నైనా కరిచిన కుక్క, గిన్నె దగ్గరికెళ్తే గుర్రుమనే కుక్క అయితే మాత్రం సంగతి వేరు. దానికి జాగ్రత్తగా వేరే ఇల్లు వెతకడమే న్యాయం.

బయటి దేశాల పుస్తకాల్లో ఒక సలహా ఉంటుంది. బిడ్డ ఆస్పత్రి నుంచి వచ్చేలోపు చుట్టిన గుడ్డ తెచ్చి కుక్కకి వాసన చూపించాలట. వాళ్ళకి బిడ్డ రెండు మూడు రోజుల్లో ఇంటికొచ్చేస్తుంది. మనకి పురుడు పుట్టింట్లో. మా ఆవిడ వచ్చే నెల ఖమ్మం వెళ్తుంది, బిడ్డకి మూడో నెలో ఐదో నెలో వచ్చాక గానీ తిరిగి రాదు. కుక్క వైపు నుంచి ఆలోచించండి. రోజూ అన్నం పెట్టే మనిషి ఒకరోజు మాయమై, నెలల తర్వాత ఏడ్చే మూట ఒకటి ఎత్తుకుని వస్తుంది. దానికి అయోమయంగా ఉండదూ?

అయితే ఇందులో లాభమూ ఉంది. మనకి నెలల టైముంది. పొద్దున్నే తిప్పడం, అన్నం పెట్టడం ఇప్పట్నుంచే నా పని. పడక మంచం మీంచి హాల్లోకి మారింది (మొదటి వారం రోజులు రాత్రంతా తలుపు గీకింది, పొద్దున తొమ్మిదింటి కాల్‌లో నా మొహం చూడాల్సింది). అన్నం తినేటప్పుడు ఫోన్లో చంటిపిల్లల ఏడుపు చిన్నగా పెడుతున్నాను. బిడ్డ పుట్టాక వారం వారం ఖమ్మం నుంచి వాడిన బొంత ఒకటి తెస్తాను. ఆ పుస్తకాల్లో బిడ్డ ఎత్తైన తొట్లో ఉంటుంది, మన బిడ్డ చాప మీద బొంత పరిచి కింద ఉంటుంది, లేదా ఊగే చీర ఉయ్యాల్లో ఉంటుంది. ఊగేదేదైనా కుక్కకి ఆటే. అందుకే బెడ్రూం గుమ్మానికి గేటు. పాలు కాచేంత సేపు కూడా ఆ రెండిటినీ ఒంటరిగా వదలకూడదు. ఎంత సాధువైన కుక్కైనా సరే.

మా అమ్మ మాత్రం "కుక్క ఉంటే నేను రాను" అంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబుని వీధికుక్కలు చంపేసిన వీడియో చూసిందావిడ. అవి వీధికుక్కలు, ఇది ఇంటిది అని నేను చెప్పొచ్చు. కానీ మేమిద్దరం ఆఫీసుకెళ్ళాక పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిడ్డతో, కుక్కతో ఒంటరిగా ఉండేది ఆవిడ. మోకాళ్ళ నొప్పులతో పరిగెత్తాల్సింది ఆవిడ. అలాంటప్పుడు ఆవిడ మాటకి నా మాట కన్నా బరువెక్కువ ఉండాలి. అందుకని బేరం పెట్టాను. మొదటి రెండు నెలలు సెలవులూ ఇంట్లోంచి పనీ కలిపి నేను ఇంట్లోనే ఉంటా, ఆ తర్వాత నేను లేని రోజుల్లో కుక్కని డే కేర్‌లో వదుల్తా, డబ్బులు నావి. అప్పటికీ భయంగానే ఉంటే మళ్ళీ మాట్లాడుకుందాం అన్నాను.

ఇంకా ఒప్పుకోలేదు. నిన్న ఫోన్ చేసి "ఆ గేటు ఎంత ఎత్తుంటుంది?" అంది. రెండున్నర అడుగులన్నాను. "నాలుగడుగులది దొరకదా?" అంది. వెతుకుతున్నా.