దేవుళ్లు మారారు... మాట మిగిలింది!

చెరకు అనగానే చోడవరం, చీడికాడ వైపు వాళ్లకు గానుగ, బెల్లం, అనకాపల్లి మార్కెట్ గుర్తొస్తాయి. వందేళ్ల కిందట మన ప్రాంతంలో కొన్ని కుటుంబాలకు మాత్రం చెరకంటే సముద్రం, ఓడ, తిరిగిరాని మనిషి. భారత్ నుంచి ఫిజీ దీవుల చెరకు తోటలకు సుమారు 60 వేల మంది కూలీలు వెళ్లారు. వాళ్లలో దాదాపు 15 వేల మంది 1903-1916 మధ్య మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లే. అప్పటి విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లూ అందులో ఉన్నారు. ఐదేళ్ల ఆ అగ్రిమెంటును వాళ్లు 'గిర్మిట్' అన్నారు.

మనవాళ్లు దిగేసరికే ఆ దీవుల్లో ఊరూరా చర్చి ఉంది. అంతకుముందు? ప్రతి తెగకూ సొంత దేవుడు, గుడి, పూజారి. 1835లో మెథడిస్టు మిషనరీలు అడుగుపెట్టారు. మొదట్లో మతం మారినవాళ్లు తక్కువ. 1854లో బావు దీవి అధిపతి థాకోంబావు మారాక కథ మలుపు తిరిగింది. ఊరి పెద్ద ఎటు నడిస్తే ఊరు అటే కదా!

కొత్త మతంతో కొన్ని ఘోరాలు పోయాయి. శత్రువు మాంసం తినడం ఆగింది. భర్త చనిపోతే భార్యను గొంతు నులిమి చంపే ఆచారమూ ఆగింది. మన దగ్గరి సతి లాంటిదే అది. వాటితోపాటు పాత గుళ్లూ కూలాయి. ఆడపిల్లలకు పచ్చబొట్లు పొడిచే వేడుక మరుగున పడింది. అందరూ ఇష్టంగా మారలేదు కూడా. 1867లో కొండ ప్రాంతపు ఊరివాళ్లు థామస్ బేకర్ అనే మిషనరీని చంపేశారు. 2003లో ఆ ఊరివాళ్లే ఆయన వారసులను పిలిచి క్షమాపణ చెప్పుకున్నారు.

విచిత్రమేమిటంటే, పరాయిదిగా వచ్చిన చర్చే ఇప్పుడు అక్కడ సంప్రదాయం. నేల, చర్చి, ప్రభుత్వం... ఈ మూడే తమ బతుకుకు ఆధారమంటారు ఫిజీ పల్లెవాసులు. ఈ పట్టు ఒక్కోసారి ఇతరులకు ఇబ్బందీ అయింది. 1987లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక ఆదివారం వ్యాపారాలు, ఆటలపై ఆంక్షలు పెట్టారు. హిందువులూ, ముస్లింలూ అవి పాటించాల్సి వచ్చింది. తర్వాత వాటిని ఎత్తేశారు.

అయితే మిషనరీలు ఇంకో పని చేశారు. స్థానికుల మాట నేర్చుకుని, దానికి లిపి కూర్చారు. 1847కే కొత్త నిబంధన ఆ భాషలో అచ్చయింది. బావు దీవి మాటను ఎంచుకోవడంతో మిగతా దీవుల యాసలు వెనకబడ్డ మాట నిజమే. అయినా ఇవాళ్టికీ ఫిజీ పల్లెలో ప్రార్థన, పాట, ప్రసంగం సొంత భాషలోనే సాగుతాయి.

మరి మనవాళ్లో? దేవుళ్లను వదల్లేదు. మారియమ్మ పండుగకు నిప్పుల గుండం ఇప్పటికీ తొక్కుతారు. 1926లో దక్షిణాది వాళ్లంతా కలిసి సంగం పెట్టుకున్నారు. 1941లో తెలుగువాళ్లు ఆంధ్ర సంగం విడిగా పెట్టుకున్నారు. బడులు కట్టారు, కొంతకాలం తెలుగు నేర్పారు. కానీ కూలి లైన్లలో పక్కింట్లో భోజ్‌పురి, ఎదురింట్లో తమిళం. అందరికీ కలిసొచ్చింది ఫిజీ హిందీ. ఇప్పుడు అక్కడి తెలుగు ఇళ్లలో ఎక్కువగా వినిపించేది అదే. పేరు చివర 'నాయుడు' మిగిలింది, నోట్లో తెలుగు జారిపోయింది.

వాళ్ల దేవుళ్లు మారారు, మాట మిగిలింది. మన దేవుళ్లు మిగిలారు, మాట మారింది. గొప్పతనం మతానిది అనుకోనక్కర్లేదు. రోజూ పని దొరికిన భాష బతికింది, పండుగకు మాత్రమే గుర్తొచ్చిన భాష సన్నగిల్లింది. ఓడ ఎక్కకుండానే ఇంట్లో తెలుగు తగ్గించుకుంటున్న మనం, ఈ ఆదివారం పిల్లలతో ఒక్క గంట అచ్చంగా తెలుగులో కబుర్లు చెప్పి చూద్దామా?